ఆటిజం అనుమానం ఉన్న పసిపిల్లలను మనుషులకు దగ్గర చేయడం: ఇంట్లో చేయదగిన పనులు

మా అబ్బాయికి రెండేళ్లు నిండేసరికి ఇంగ్లిషు అక్షరాలు ఇరవై ఆరూ వచ్చు, అంకెలు ఇరవై దాకా వచ్చు, కానీ ‘అమ్మా’ అని పిలవడం రాదు. హనుమకొండలోని మా వాడకట్టులో చూసినవాళ్లంతా తెలివైన పిల్లవాడని మెచ్చుకునేవారు. ‘మగపిల్లలకు మాట ఆలస్యంగనే వస్తది, వాళ్ల బాపు సుత నాలుగేండ్లకే మాట్లాడిండు’ అని మా అత్తమ్మ ధైర్యం చెప్పేది. మేము మొదట చూపించిన డాక్టరు కూడా మూడేళ్లు నిండేదాకా ఆగమన్నారు. అలా ఎనిమిది నెలలు ఆగాము. ఆ ఎనిమిది నెలలూ మాట కోసమే ఎదురుచూశాము గాని, మాటకు ముందు పిల్లల్లో మొలవవలసినది ఇంకొకటి ఉంటుందని, మా వాడిలో అది ఇంకా మొలవలేదని మాకు తెలియలేదు. పిల్లలకు ఆటిజం, అంటే మనుషులతో కలవడంలో, మాటలో తేడా కనిపించే ఎదుగుదల స్థితి, ఉందేమోనన్న అనుమానంతో ఉన్న తల్లిదండ్రులు ఆ కాలాన్ని మాలాగా పోగొట్టుకోకూడదని, మేము థెరపిస్టుల దగ్గర కూర్చుని నేర్చుకున్నవీ, ఇంట్లో చేసి చూసినవీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట గమనించవలసినది

మాటకు ముందు మొలిచేది తన సంతోషాన్ని, ఆశ్చర్యాన్ని ఎదుటి మనిషితో పంచుకోవాలనే కోరిక. సాధారణంగా 9 నెలల పాప పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుంది, ఏడాది నిండేనాటికి టాటా చెబుతుంది, ఏడాదిన్నర నాటికి తనకు నచ్చినదాన్ని వేలుతో చూపి మన ముఖంలోకి చూస్తుంది. ఇక్కడ ఒక తేడాను జాగ్రత్తగా గుర్తించాలి. డబ్బాలోని బిస్కెట్టు కావాలని వేలు చూపడం వేరు, ఆకాశంలో పోయే విమానాన్నో వాకిట్లోకి వచ్చిన బర్రెనో చూపి ‘నువ్వూ చూడు’ అన్నట్టు మన వైపు తిరగడం వేరు. మొదటిది అవసరం కోసం, రెండవది కేవలం పంచుకోవడం కోసం. ఒకే వస్తువును ఇద్దరూ కలిసి చూడడం, అలా కలిసి చూస్తున్నామని ఇద్దరికీ తెలిసి ఉండడం అనే ఈ రెండవ పనే భాషకు, స్నేహానికి, ఆటకు పునాది. మా వాడు ఫ్రిజ్ తెరవాలంటే నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి తలుపు మీద పెట్టేవాడు, కానీ నా ముఖం చూసేవాడు కాదు. చేయి కావలసి వచ్చింది, మనిషి కావలసి రాలేదు.

ఏడాదిన్నర దాటినా చూపించడానికి వేలు ఎత్తకపోవడం, పిలిస్తే చాలాసార్లు పలకకపోవడం, బొమ్మకారుతో ఆడకుండా దాని చక్రాన్నే గంటలకొద్దీ తిప్పడం, రెండేళ్లకు రెండు మాటలు కలిపి సొంతంగా అనలేకపోవడం వంటివి కనిపిస్తే పిల్లల వైద్యునికి చూపించాలి. ఏ వయసులోనైనా, వచ్చిన మాటలు గాని చేష్టలు గాని పోయినట్లయితే ఒక్క వారం కూడా ఆగకూడదు. ఆడపిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఒక మూలన కూర్చుని తన లోకంలో తానుండే పాపను మన ఇళ్లల్లో నెమ్మదస్తురాలని మెచ్చుకుని వదిలేస్తారు.

పరీక్షలు ఒక పక్క, ఇంటి పని ఒక పక్క

అన్నిటికన్నా ముందు వినికిడి పరీక్ష చేయించాలి. ఫోనులో పాట వస్తే పరుగెత్తుకొస్తాడు కాబట్టి చెవులు బాగున్నాయని మనమే తేల్చుకోకూడదు. కొన్ని స్థాయిల శబ్దాలు మాత్రమే వినపడే పిల్లలు కూడా ఉంటారు కనుక, డాక్టరు బేరా టెస్టు, అంటే శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తాయో చూసే పరీక్ష, రాస్తే తప్పక చేయించాలి. 16 నుంచి 30 నెలల మధ్య పిల్లలకు ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పత్రాన్ని డాక్టర్లు వాడతారు. అది అనుమానాన్ని పసిగట్టడానికే తప్ప ఆటిజం ఉందని తేల్చి చెప్పడానికి కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను చూడాలి, కాబట్టి వాళ్లు ఎప్పుడు వస్తారో టీచరును అడిగి పెట్టుకోవాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి పిల్లల విభాగంలో అడిగితే తర్వాతి దారి తెలుస్తుంది. కాజీపేటలో రైలెక్కి వెళ్లగలిగిన వారికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేస్తున్న జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అని పిలిచేది, ఉండనే ఉంది.

ఈ తిరుగుళ్లలో నెలలు గడుస్తాయి. ఆటిజం అని తేలేదాకా ఇంట్లో ఏమీ మొదలుపెట్టకుండా ఉండడమే మేము చేసిన పెద్ద పొరపాటు. కింద చెప్పబోయే పనులకు ఏ డాక్టరు చీటీ అవసరం లేదు. రేపు ఆటిజం కాదని తేలినా, కేవలం మాట ఆలస్యమేనని తేలినా, ఈ పనుల వల్ల పిల్లలకు జరిగే నష్టం ఏమీ లేదు.

పిల్లల ఆటలోకి మనం వెళ్లడం

పిల్లలను మన ఆటలోకి లాగే ముందు వాళ్ల ఆటలోకి మనం వెళ్లాలి. మా వాడికి వంటింట్లో గిన్నెల మూతలు గిరగిరా తిప్పడం ఇష్టం. మొదట్లో నేను మూత లాక్కుని చేతిలో బొమ్మ పెట్టేదాన్ని, వాడు ఏడ్చి ఇంకో మూత తెచ్చుకునేవాడు. థెరపిస్టు చెప్పిన తర్వాత నేనూ ఒక మూత తీసుకుని, వాడికి ఎదురుగా, వాడి ముఖం నా ముఖం ఒకే ఎత్తులో ఉండేలా నేల మీద కూర్చుని తిప్పడం మొదలుపెట్టాను. వాడు తిప్పితే నేను తిప్పాను, వాడు ఆపితే నేను ఆపాను, వాడు నేల మీద కొట్టి చప్పుడు చేస్తే నేనూ అలాగే చేశాను, ఒక్క ప్రశ్న వేయలేదు, ఒక్క ఆజ్ఞ ఇవ్వలేదు. నాలుగు రోజులు నన్ను పట్టించుకోలేదు. ఐదవ రోజు వాడు కావాలనే మూతను ఆపి, నేను ఆపుతానా లేదా అని నా వైపు చూశాడు. ఆపాను. నవ్వి మళ్లీ తిప్పాడు. తన పనికి ఎదుటి మనిషి బదులిస్తుందని వాడు గుర్తించిన మొదటి క్షణం అదే.

మీరు కూడా ముందు ఒక వారం పాటు మీ పాప దేన్ని ఇష్టపడుతుందో, ఏ సమయంలో ఉషారుగా ఉంటుందో గమనించి, ఆ సమయంలో పది నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు ఇలా కూర్చోండి. గంటసేపు ఒక్కటే సారి కూర్చోవడం కన్నా ఇది మేలు. ఆ పది నిమిషాలు టీవీ ఆపేయాలి, ఫోను వేరే గదిలో ఉండాలి. గడ్డం పట్టుకుని ముఖం తిప్పి ‘నా కండ్లల్లకు చూడు’ అని బలవంతం చేయకూడదు. కొందరు పిల్లలకు నేరుగా కళ్లలోకి చూడడం నిజంగానే కష్టంగా ఉంటుంది. నచ్చిన వస్తువును మన ముఖం దగ్గర, కళ్లకు కొంచెం పక్కగా పట్టుకుంటే, చూపు తనంతట తానే ఇటు వస్తుంది.

ఆపి, ఎదురుచూడడం

బదులివ్వడం అనే సంగతి పిల్లలకు కొంచెం తెలిసిన తర్వాత, ఒకే రీతిలో సాగే ఆటలను పట్టుకోవాలి. చీరకొంగుతో దోబూచులాట, ఊయల, చక్కిలిగింతలు, వీపు మీద గుర్రపాట వంటివి దీనికి బాగా పనికొస్తాయి, ఎందుకంటే తర్వాత ఏమి జరగబోతోందో పాపకు ముందే తెలుస్తుంది. ఊయల ఊపేటప్పుడు వెనుక నిలబడితే పాపకు మన ముఖం కనపడదు కాబట్టి ముందు నిలబడి కాళ్లు పట్టుకుని ఊపండి. నాలుగుసార్లు ఊపి, ఐదవసారి ఊయలను అలాగే పట్టుకుని ఆపేయండి. నోటితో ఏమీ అనకుండా, కనుబొమలు ఎత్తి, మనసులో నెమ్మదిగా పది లెక్కపెట్టండి. ఈ పది అంకెలే అన్నిటికన్నా కష్టమైన పని. ఇంట్లో ఎవరో ఒకరు మధ్యలో ‘ఊపమను, ఊపమను’ అంటూ ఉంటారు, వారిని ముందే మౌనంగా ఉండమని చెప్పాలి.

ఆ మౌనంలో పాప చూసే చిన్న చూపు, కాలు కదపడం, ‘ఊ’ అనే శబ్దం, ముందుకు వంగడం, ఏదైనా సరే దాన్ని ఒక మాటగానే స్వీకరించి వెంటనే ‘ఊపు!’ అని ఒక్క మాట అని ఊపండి. స్పష్టంగా అంటేనే ఊపుతానని పట్టుపడితే, అడిగినా లాభం లేదని పాప నేర్చుకుంటుంది. తిండి విషయంలోనూ ఇదే పద్ధతి. గిన్నె నిండా అటుకులు పెట్టి వెళ్లిపోకుండా, గుప్పెడు పెట్టి పక్కన కూర్చుంటే, ఇంకా కావాలని మన వైపు తిరగడానికి ఒక్క పూటలో పది కారణాలు దొరుకుతాయి. మూత బిగించిన పారదర్శకమైన డబ్బాలో మురుకులు పెట్టి చేతికి ఇస్తే, తెరవమని మన దగ్గరికే రావాలి. ఏడిపించే దాకా మాత్రం ఎప్పుడూ లాగకూడదు.

మన మాట ఎలా ఉండాలి

మాట రాని పిల్లలతో ఒక్కొక్క మాట, ఒక్కొక్క మాట వచ్చిన పిల్లలతో రెండేసి మాటలు, అంటే పిల్లలు ఉన్న మెట్టుకు ఒక్క మెట్టు పైన మన మాట ఉండాలి. ‘ఇదేంది? ఇది ఏం రంగు? అత్తకు చెప్పు’ అనే పరీక్షలు తగ్గించి, పాప చూస్తున్న వస్తువు పేరును పాప చూస్తున్నప్పుడే చెప్పాలి. ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది విన్నమాటను విన్నట్టే తిరిగి అంటారు. మేము రోజూ ‘నీళ్లు కావాలా?’ అని అడగడం వల్ల మా వాడు దాహం వేసినప్పుడల్లా వచ్చి ‘నీళ్లు కావాలా?’ అనేవాడు. వెక్కిరిస్తున్నాడని బంధువులు నవ్వేవారు, నాకు కడుపులో దేవినట్టయ్యేది. ఇది భాష నేర్చుకునే దారిలో ఒక మజిలీ అని, దీన్ని ఆపకుండా సరిదిద్దవచ్చునని తర్వాత తెలిసింది. వాడి నోట రావలసిన వాక్యాన్నే మేము వాడి తరఫున అనడం మొదలుపెట్టాము: చెంబు చూపి ‘నీళ్లు కావాలి’, తలుపు దగ్గర ‘బయటికి పోదాం’. కొన్ని వారాలకు ఆ ప్రశ్న పోయి అడగడం మిగిలింది.

ఇంగ్లిషులో వీడియోలు చూసి నేర్చాడు కదా, ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడితే త్వరగా మాట వస్తుందని చాలామంది తల్లిదండ్రులు తెలుగు మానేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు నష్టం కలగదు. పైగా తల్లి తనకు పట్టులేని భాషలో మాట్లాడితే ముద్దు, కోపం, లాలి అన్నీ పొడిబారిపోతాయి. బాపమ్మ తన యాసలో ‘దా బిడ్డ, బువ్వ తిందువు’ అని పిలిచే పిలుపులో ఉన్న రాగమే పిల్లలకు మాట మీద ఆసక్తి పుట్టిస్తుంది. వీడియోల వల్ల ఆటిజం రాదు గాని, వీడియో ఎప్పుడూ ఆగి పాప కోసం ఎదురుచూడదు, పాప చూపుకు బదులివ్వదు. రెండేళ్ల లోపు స్క్రీన్ అసలే వద్దని, ఐదేళ్ల లోపు రోజుకు గంట మించవద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతున్నది. దూరాన ఉన్న బంధువులతో వీడియో కాల్ దీనికి మినహాయింపు.

మాట బదులు ఫొటో కార్డులు, చేతి సంజ్ఞలు నేర్పితే ఇక మాటే రాదని కొందరు భయపెడతారు. అది నిజం కాదు. తన మనసులోని మాట ఎదుటివారికి ఏదో ఒక విధంగా చేరుతుందని తెలిసిన పిల్లల్లో కోపం తగ్గుతుంది, మాటకు దారి కూడా తెరుచుకుంటుంది.

ఇంట్లోవాళ్లు, తోటి పిల్లలు

మన ఇళ్లల్లో ఒక్క పాపను పదిమంది ఎత్తుకుంటారు, అది పెద్ద బలం. కానీ పదిమందీ ఒకేసారి పేరు పెట్టి పిలిచి, చప్పట్లు కొట్టి, పలుకుతుందా లేదా అని పరీక్షిస్తే ఆ పేరు పాపకు వీధి చప్పుడులో కలిసిపోతుంది. మేము ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాము: దగ్గరికి వెళ్లి, ఒక్కసారే పిలవాలి, పిలిచిన ప్రతిసారీ పలికితే సంతోషం కలిగించేది ఏదో ఒకటి జరగాలి. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఆటను కూడా పంచాము. తాతకు బంతి దొర్లించే ఆట, బాపమ్మకు చేతులు పట్టుకుని ఊగే ఆట, చిన్నాయనకు గుర్రపాట. ఎవరి దగ్గర ఏ ఆట ఉందో తెలిసిన తర్వాత వాడు ఆ మనిషిని వెతుక్కుంటూ పోవడం మొదలైంది.

తోటి పిల్లల విషయంలో తొందరపడి ఐదారుగురి మధ్య వదిలేస్తే పాప ఇంకా మూలకు పోతుంది. రెండు మూడేళ్లు పెద్దదైన, ఓపిక ఉన్న ఒక్క పాప చాలు. మా వాడికి మేనత్త కూతురు మొదటి స్నేహితురాలయింది. పది నిమిషాలు, ఇద్దరు ఉంటేనే సాగే ఆట, పక్కన నేను. ‘వాడు చూడకపోతే నీ మీద కోపం కాదు, ముందుకు వచ్చి వస్తువు చూపించు, ఇచ్చేదాకా కొంచెం ఆగు’ అని ఆ పాపకు చెప్పాను. పెద్దలకన్నా త్వరగా పట్టుకుంది. అంగన్‌వాడీకి పంపేటప్పుడు కూడా టీచరుకు, ఆయమ్మకు పాప ఇష్టాలు, భయపెట్టే శబ్దాలు, కావాలని అడిగే తీరు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

పండుగలను దాటవేయకండి, కానీ ముక్కలు చేసి అందించండి. బతుకమ్మ తొమ్మిది రోజులు ఉంటుంది, మా కుటుంబానికి అది తొమ్మిది రోజుల అభ్యాసమయింది. పెత్తరమాస నాడు ఇంట్లో బతుకమ్మ పేర్చేటప్పుడు వాడి ముందు తంగేడు పూల బుట్ట పెట్టి, ఒక్కొక్క గుత్తి నాకు అందించే పని ఇచ్చాము. నేను చేయి చాచి ఆగుతాను, వాడు ఇస్తాడు, నేను పేర్చి మళ్లీ చేయి చాస్తాను. నాకొక వంతు, వాడికొక వంతు. ఆ తర్వాత రోజుల్లో వాకిట్లో నలుగురమే చుట్టూ తిరిగి ‘ఉయ్యాలో’ దగ్గర చప్పట్లు కొట్టాము. ప్రతిసారీ ఒకేచోట వచ్చే ఆ మాట కోసం వాడు ముందుగానే చేతులు లేపేవాడు. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గరి జనంలోకి మైకుల మధ్యకు తీసుకెళ్లలేదు. పొద్దు గూకకముందే వెళ్లి, అంచున నిలబడి, వాడు అలసిపోక ముందే ఇరవై నిమిషాల్లో తిరిగి వచ్చాము. సంతోషంగా ఉన్నప్పుడే వెనక్కి వస్తే వచ్చే ఏడు ఆ చోటికి పిల్లలు భయపడకుండా వస్తారు.

జాగ్రత్తలు

కుక్కర్ విజిల్‌కు, మిక్సీకి, క్షవరం మిషన్‌కు చెవులు మూసుకుని కిందపడి ఏడ్చే పాపది మొండితనం కాదు, ఆ శబ్దం నిజంగానే భరించలేనంతగా తాకుతుంది. ముందే ‘మిక్సీ వేస్తున్న’ అని చెప్పి చూపించి వేయండి, ఏడుస్తున్నప్పుడు పాఠాలు చెప్పకుండా చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట కూర్చోబెట్టండి. ఇంకొక విషయం ప్రాణానికి సంబంధించినది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది చెప్పకుండా వెళ్లిపోతారు, నీళ్లు వారిని బాగా ఆకర్షిస్తాయి. కాకతీయుల కాలం నుంచి ఊరూరా చెరువులున్న ప్రాంతం మనది. గేటుకు పాప చేతికి అందని ఎత్తులో గొళ్లెం పెట్టించండి, సంపు మూతకు తాళం వేయండి, పాప మెడలోనో చేతికో ఫోను నంబరు ఉండేలా చూడండి.

తల్లి పెంపకంలో లోపం వల్ల ఆటిజం రాదు. టీకాల వల్ల కూడా రాదు. ఆ భయాన్ని పుట్టించిన 1998 నాటి వ్యాసాన్ని, అచ్చువేసిన లాన్సెట్ వైద్య పత్రికే 2010లో ఉపసంహరించింది. కాబట్టి టీకాలు ఆపకండి. స్టెమ్ సెల్ సూదులతో, ఒంట్లోని లోహాలను కడిగేస్తామనే మందులతో నయం చేస్తామనే వారికి పొలం అమ్మి డబ్బు కట్టిన కుటుంబాలను నేను చూశాను. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. ఆ డబ్బును మాట నేర్పే స్పీచ్ థెరపీకి, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీకి దాచుకోండి. థెరపీ సెంటరును ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: నేను లోపల కూర్చోవచ్చా? తలుపు మూసి ఏం చేస్తున్నారో చెప్పని చోటు మంచిది కాదు, ఎందుకంటే వారానికి రెండు మూడు గంటలు వారి దగ్గర జరిగేది మిగతా గంటల్లో మన ఇంట్లో జరగాలి.

ఆటిజం అని తేలితే సర్టిఫికెట్ తీసుకోవడానికి సిగ్గుపడకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇది ఒకటి. ఐసా అనే 40 అంశాల కొలమానంతో డాక్టర్లు తీవ్రతను నిర్ణయిస్తారు. ఆ సర్టిఫికెట్ ఆధారంగా యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకం కింద లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా పొందవచ్చు. బడి వయసు వచ్చాక ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రాన్ని కూడా కలవండి.

చివరిగా, ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. మాటల లెక్క కన్నా ముఖ్యంగా పాప మన వైపు తిరిగిన సందర్భాలను తేదీతో రాయండి: ఏ ఆటలో, ఎవరి దగ్గర, చూపుతోనా, చేతితోనా, శబ్దంతోనా. మా పుస్తకంలో వాడికి మూడేళ్ల రెండు నెలలప్పుడు రాసిన ఒక పంక్తి ఉంది: ‘భద్రకాళి చెరువు కట్ట మీద కొంగను వేలుతో చూపిండు, నా దిక్కు చూసిండు.’ మాట ఆ తర్వాత నాలుగు నెలలకు వచ్చింది. డాక్టరు దగ్గర పాప భయపడి ఏమీ చేయకపోవచ్చు కాబట్టి ప్రతిసారీ ఆ పుస్తకాన్ని, ఇంట్లో తీసిన ఒకటి రెండు చిన్న వీడియోలను వెంట తీసుకెళ్లండి.